చావింటి వంట

మాగ్డెబర్గ్‌లో నేను అద్దెకుండే ఫ్లాట్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గది నాది. రెండో గదిలో మలావీ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. వచ్చిన వారంలోనే అలవాటు కొద్దీ "అక్కా" అని పిలిచేశాను. అర్థమేమిటని అడిగి తెలుసుకుంది. ఇక ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి, ఆ ఒక్క పిలుపు తప్ప.

నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాను. అక్క యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేది. తన దేశంలో ఇళ్ళల్లోని జనం దేనికి ఖర్చు పెడతారు, ప్రభుత్వం దేనికి ఖర్చు పెడుతుంది, ఒకరు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ బరువు రెండోవాళ్ళ మీద ఎలా పడుతుంది అన్నది ఆవిడ పరిశోధన. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. "ఇందులో పరిశోధించడానికేముందక్కా, మా అమ్మనడిగితే కూరలు తరుగుతూ చెప్పేస్తుంది" అన్నాను. నాకు నోటి దురుసు పుట్టుకతో వచ్చింది. ఆవిడేం నొచ్చుకోలేదు. "మా అమ్మయినా చెప్తుంది. కానీ డిగ్రీ ఇవ్వదుగా" అంది.

సాయంత్రం నేను పప్పు పొయ్యి మీద పెట్టి నిలబడితే, ఆవిడ కిటికీ దగ్గర టీ తాగుతూ నాకు పాఠం చెప్పేది. ఆసుపత్రిలో మందు ప్రభుత్వం ఇస్తే అది ప్రభుత్వ ఖర్చు. స్టాకు లేదని చీటీ రాసిస్తే, అదే మందు బయట కొనుక్కుంటే అది ఇంటి ఖర్చు. రోగి అదే, జ్వరం అదే, లెక్కల పుస్తకంలో గడి మారుతుందంతే. "మా అమ్మ ప్రభుత్వ ఖర్చు" అనేది గర్వంగా. వాళ్ళమ్మ సర్కారు బడిలో చిన్న తరగతుల టీచరు. పిల్లలు ఎంత నేర్చుకున్నారో తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు కాబట్టి, టీచరుకిచ్చే జీతాన్నే చదువు విలువ కింద రాసుకుంటారట.

"అంటే జీతం తక్కువిస్తే చదువు కూడా తక్కువ చెప్పినట్టా?"

"కాగితం మీద అంతే. మా అమ్మ వింటే ఆ కాగితం చించేస్తుంది."

ఆ అమ్మని నేను ఫోన్‌లో చూశాను. పొట్టిగా, నల్లటి కళ్ళద్దాలతో, గొంతు మాత్రం బడి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేలా ఉండేది. ఫోన్ పట్టుకోగానే ముందు నన్ను అడిగేది, తిన్నావా అని. అక్క ఏ టైముకి చేసినా, నేను ఏం చెప్పినా, తర్వాతి ప్రశ్న ఏం తిన్నావనే. మా అమ్మా అంతే కాబట్టి నాకు కొత్తేం అనిపించలేదు.

వేసవిలో అక్క వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. ఒక పక్క పూర్తిగా పడిపోయింది. జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. మంచం ప్రభుత్వానిది, డాక్టర్లు ప్రభుత్వంవాళ్ళు. కానీ రోగికి వండి పెట్టడం, ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం అంతా ఇంటివాళ్ళ పనే. దానికోసం ఆసుపత్రి వెనకాల ఒక రేకుల షెడ్డు కూడా ఉంటుందట, రోగుల బంధువులు కట్టెల పొయ్యి మీద వండుకుని అక్కడే పడుకుంటారు. అక్క వాళ్ళ పిన్ని తన ఇల్లు వదిలేసి ఆ షెడ్డులో మకాం పెట్టింది. "మా పిన్ని చేసేది ఏ గడిలోనూ రాదు" అంది అక్క ఒకసారి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం నాకు నచ్చలేదు. ఏదో ఒకటి మాట్లాడి నవ్విద్దామని చూశాను, కుదరలేదు.

అక్క వెళ్ళిపోవాలనుకుంది. వీసా గడువు అయిపోయింది, పొడిగింపుకి దరఖాస్తు పెట్టింది, చేతిలో తాత్కాలికంగా ఇచ్చిన ఒక కాగితం ఉంది. ఆ కాగితంతో దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒకరు పరవాలేదన్నారు, ఇంకొకరు వద్దే వద్దన్నారు. పిన్ని ఫోన్‌లో "చదువు పాడుచేసుకుని వస్తే మీ అమ్మ లేచి నిన్ను కొడుతుంది" అంది. అక్క రోజూ పొద్దున్నే లేచి వీసా ఆఫీసు వెబ్‌సైట్ తెరిచి, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఏదైనా ఖాళీ అయిందేమో చూసుకునేది. మా ఇంట్లో గుడ్ మార్నింగ్ పోయి "టెర్మిన్ దొరికిందా?" అన్న పలకరింపు మిగిలింది. దొరకలేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున, నేను ఆఫీసుకి బూట్లేసుకుంటుంటే వంటింట్లో ఏదో కిందపడ్డ చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఫోన్ నేల మీద ఉంది, అక్క దాని పక్కనే కూర్చుని ఉంది. నేను పక్కన కూలబడి పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు. అమ్మ పోయిందని, రేపు పొద్దున్నే ఖననం చేసేస్తారని చెప్పింది. ఏ విమానమెక్కినా అందుకోలేదు. కాసేపటికి లేచి, ముఖం కడుక్కుని, "నేను వంట చేయాలి" అంది.

"ఇవాళ నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దు. నేను చేసి పెడతాను" అన్నాను.

"నాకు కాదు. జనానికి."

నాకు అర్థం కాలేదు. మా ఓరుగల్లు వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళో చుట్టాలో వండి తెచ్చి, బతిమాలి నాలుగు ముద్దలు తినిపిస్తారు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోరు. ఇంటికెళ్ళి తలస్నానం చేశాకే ఏదైనా. ఇదంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, తల ఊపి, తమ సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో చావు తెలియగానే ముందు వాకిట్లో పెద్ద పొయ్యి పెడతారు. ఆడవాళ్ళు తలా ఒక పిండి గిన్నె, కట్టెల మోపు పట్టుకుని వస్తారు. ఖననం అయ్యేదాకా ఆ పొయ్యి ఆరకూడదు. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, తినే వెళ్ళాలి. ఎంతమంది తింటే పోయిన మనిషికి అంత గౌరవం.

"నేను మట్టి వెయ్యలేను. మోయలేను. అక్కడ పాడలేను" అంది వేళ్ళు మడుస్తూ. "వండగలను. మా అమ్మకి నా చేతుల మీదుగా జరిగేది ఇదొక్కటే."

ఇక నేను ఎదురు చెప్పలేదు. ఆఫీసుకి సెలవు చెప్పి, ఇద్దరం స్టేషన్ దగ్గరున్న ఆఫ్రికా కొట్టుకి వెళ్ళాం. మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు, ఆకుకూర కొంది. కోళ్ళు కొంది. మాంసం దగ్గర ఆగి, "మీవాళ్ళల్లో బీఫ్ తిననివాళ్ళున్నారుగా" అని పక్కకి వచ్చేసింది. అసలు మాంసమే ముట్టనివాళ్ళు ఎందరని అడిగి, వాళ్ళకోసం గింజల కూర వేరే గిన్నెలో చేయాలంది. అమ్మ పోయిన రోజున ఎవరు ఏం తింటారు, ఏం తినరు అని గుర్తు తెచ్చుకుంటూ కొట్టులో తిరుగుతుంటే నేను బుట్ట పట్టుకుని వెనకాలే నడిచాను.

"మీవాళ్ళు" అని వేరు చేసి అంది గానీ, అసలు వచ్చేవాళ్ళంతా మావాళ్ళే. ఆ ఊళ్ళో తన దేశంవాళ్ళు ఎవరూ లేరు. డిపార్ట్‌మెంట్‌లో జర్మన్లు అందరూ సంతకాలు పెట్టిన కార్డు ఒకటి పంపారు. దుఃఖంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదిలేయడం వాళ్ళ మర్యాద. యూనివర్సిటీలో చదివే మా తెలుగు పిల్లలు మాత్రం కబురు తెలియగానే ఒకరి తర్వాత ఒకరు నాకు ఫోన్ చేశారు. పరీక్షలొస్తే లైబ్రరీలో చుట్టూ కూర్చోబెట్టుకుని స్టాటిస్టిక్స్ చెప్పి, పాసు చేయించింది అక్కే. ఒక్కొక్కడి మట్టిబుర్రతో ఎంత ఓపికగా వేగేదో నేను చూశాను. శనివారం మధ్యాహ్నం అందరం కలిసి వస్తామన్నారు.

మా వాళ్ళందరికీ పెద్దదిక్కు కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అన్న, వదిన. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి ఇల్లు దొరక్కపోయినా వాళ్ళ ఇంటికే పరిగెత్తుతాం. ముందే చెప్పడం మంచిదని వదినకి ఫోన్ చేశాను.

"వదినా, అక్క వండుతున్నది. అందరు తినాల్నట. వాళ్ళ దిక్కు అదే పద్ధతి."

"అయ్యో, అట్లెట్ల తింటమే? చావింట్ల ఎవరన్న ముద్ద ముడ్తరా?"

"మనకు లేదు గని వాళ్ళకున్నది. తినకుంటే మస్తు బాధ పడ్తది వదినా. జర పిల్లలకు కూడ చెప్పు."

"సరే తియ్యి, చూద్దాం. ముందైతే అమ్మాయిని చూస్తం గద" అంది. ఆ "చూద్దాం" ఎటు పోతుందో నాకు తెలుసు. అయినా మనసుకి సర్ది చెప్పుకున్నాను.

శనివారం తెల్లారకముందే లేచి అక్క పొయ్యి వెలిగించింది. వేసవిలో వాళ్ళ టైమూ మా టైమూ ఒకటే, చలికాలానికని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పడం ఇంకా జరగలేదు. అక్కడ పాటలు మొదలైన గంటకే ఇక్కడ కూర ఉడికింది. వదిన దగ్గర అడిగి తెచ్చిన పెద్ద బిర్యానీ గిన్నెలో నీళ్ళు మరిగించి, పిండి పోసి, చెక్క గరిటెతో రెండు చేతులా తిప్పింది. మా నాయనమ్మ తినే మక్క గట్కలాంటిదే, ఇంకాస్త గట్టిగా ఉంటుంది. బల్ల, కుర్చీలు తీసేసి నేల మీద దుప్పట్లు పరిచాం. వాళ్ళ దగ్గర ఆడవాళ్ళు లోపల నేల మీద, మగవాళ్ళు బయట మంట చుట్టూ కూర్చుంటారట. మంటకి దారి లేదు గానీ, కుర్చీలు మాత్రం కింద పెరట్లో వేయించింది.

చెప్పిన టైముకి అందరూ వచ్చారు. రంగు బట్టలు వేసుకోకుండా, తలలు వంచుకుని, ఎంత పద్ధతిగా వచ్చారో. కుర్రాళ్ళు కూడా కిందికి పోకుండా గోడవారగా నిలబడ్డారు. గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అక్క చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన పక్కన కూర్చుని వీపు నిమిరింది. నాకు కడుపు నిండినట్టయింది. ఇంతమంది ఉన్నారు, ఇక పరవాలేదనుకున్నాను.

అప్పుడు అక్క లేచి చెంబు, బేసిన్ తెచ్చింది. ముందుగా పెద్దవాడని అన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల మీద నీళ్ళు పోయబోయింది. అన్న నా వంక చూశాడు. వదిన తల వంచుకునే, తెలుగులో మెల్లగా, "నువ్వన్న చెప్పవే ఆమెకు" అంది.

"నేను నీకు చెప్పిన కద వదినా" అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

అన్నకి ఏం చేయాలో తోచలేదు. చేతులు చాచాడు. అక్క నీళ్ళు పోసింది. ఆయన చేతులు రుమాలుతో తుడుచుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క ఒకరి తర్వాత ఒకరికి అందరికీ నీళ్ళు పోసింది. ఎవరూ వద్దనలేదు. ఆవిడ కళ్ళల్లో కొంచెం వెలుగు వచ్చింది. పళ్ళాలు వడ్డించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళగానే అన్న లేచాడు. "పోదాం" అనలేదు. ఆ మాట కూడా అనకూడదు కదా. ఆయన లేస్తే వదిన లేచింది, వదిన లేస్తే పిల్లలు. గుంటూరు అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, పెదవి కొరుక్కుని వాళ్ళ వెనకే నడిచింది. నేను గుమ్మం దగ్గర వదిన చెయ్యి పట్టుకున్నాను. "నాతోని కాదే. ముద్ద నోట్ల పెట్టుకుంట అంటే మా నాయిన పోయిన దినమే యాదికొస్తది" అంది, కళ్ళనిండా నీళ్ళతో. చెయ్యి వదిలేశాను. బూట్లు వేసుకుని, ఒక్క మాటైనా లేకుండా, వెనక్కి తిరిగి చూడకుండా అందరూ మెట్లు దిగారు.

అక్క రెండు చేతుల్లో రెండు పళ్ళాలు పట్టుకుని వచ్చింది. ఖాళీ దుప్పట్లు చూసింది. "పెరట్లోకి వెళ్ళారా? మంచిదే. ఇక్కడ ఇరుకైంది" అంది. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో రెండు పళ్ళాలు నింపింది. "నువ్వు ఇవి తీసుకెళ్ళు, నేను అవి తెస్తాను. బయట చలిగా ఉంది, చల్లారిపోతుంది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. ఆ వెళ్ళినవాళ్ళకి అక్కంటే ప్రాణం. ట్రామ్ ఎక్కి ఇళ్ళకి పోయి, తలమీద నీళ్ళు పోసుకునేదాకా ఒక్కడూ టీ చుక్క కూడా తాగడని నాకు తెలుసు. మా తాతయ్య పోయినప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళు ఇలాగే చెప్పకుండా వెళ్ళిపోతే, వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళని మా నాన్న మెచ్చుకున్నాడు. అదే మర్యాద ఇక్కడ ఈ మనిషి ముందు ఇలా నిలబడింది.

"వాళ్ళు వెళ్ళిపోయారక్కా."

"ఎక్కడికి?"

"ఇళ్ళకి."

"నాకు చెప్పకుండానా?"

"చావింటి నుంచి చెప్పి వెళ్ళకూడదు మాకు. వెళ్ళొస్తామంటే, మళ్ళీ ఇలాంటిదానికే వస్తామన్నట్టు."

ఆవిడ ఆలోచించింది. పళ్ళాలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. "మా అమ్మ కోసమని వాళ్ళకి చెప్పావా?" అంది.

"చెప్పానక్కా."

"సరే" అంది. కిటికీ దగ్గరికి వెళ్ళి కింద పెరట్లో ఖాళీ కుర్చీలని చూసింది. నేను అబద్ధం చెప్తున్నానేమోనని చూసినట్టు, మళ్ళీ ఒకసారి వంగి చూసింది.

అప్పుడే ఫోన్ మోగింది. పిన్ని, వీడియోలో. ఖననం అయిపోయింది. ఆవిడ వెనకాల వాకిలి నిండా జనం, పొగ, పెద్ద పెద్ద గిన్నెలు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తమ భాషలో ఏదో చెప్తూ, నన్ను చూసి ఇంగ్లీషులోకి మారింది. అమ్మ దగ్గర చదువుకున్న పిల్లలంతా వచ్చారనీ, పెద్దవాళ్ళయి పిల్లల్ని ఎత్తుకుని వచ్చారనీ చెప్పింది. "అక్కడ? అక్కడ జనం వచ్చారా?" అంది.

"వచ్చారు పిన్నీ. చాలామంది" అంది అక్క.

"తిన్నారా?"

అక్క కళ్ళు ఆర్పలేదు. "తిన్నారు" అంది.

"అందరూనా? సరిపోయిందా?"

"అందరూ తిన్నారు. సరిపోయింది."

పిన్ని రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టింది. ఆవిడ చూపు నా మీద పడింది. నాక్కూడా అప్పటిదాకా ముద్ద దిగలేదు. నేనూ ఆ నీళ్ళతో చేతులు కడుక్కున్నదాన్నే. చావింట్లో ముద్ద ముట్టకూడదని చిన్నప్పటి నుంచి విన్నదాన్నే. నేల మీద కూర్చుని ఒక పళ్ళెం లాక్కున్నాను. ముద్ద చేసి, గింజల కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాను. పిన్ని చూస్తూ ఉంది. బాగుందని చెప్పబోయాను, ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. పళ్ళెం ఖాళీ చేసి ఇంకోసారి పెట్టించుకున్నాను. ఒక్కదాన్ని ఎంత తినగలను?

మర్నాడు పొద్దున బెల్ మోగింది. తలుపు తీస్తే మనుషులెవరూ లేరు, గుమ్మం దగ్గర ఒక సంచి ఉంది. అందులో వదిన పంపిన పప్పు, అన్నం, చారు. పొయ్యి వెలిగించని ఇంటికి వండి పంపడం కదా. ఇంట్లో గిన్నె నిండా గట్క, కోడికూర అలాగే ఉన్నాయి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంచి లోపల దాచేద్దామనుకున్నాను. అక్క చూసేసింది.

"ఏమిటది?"

చెప్పాను. ఆవిడ డబ్బా మూత తీసి, పప్పు కలుపుకుని, మెతుకు మిగలకుండా తినేసింది. "దుఃఖంలో ఉన్న ఇంటికి ఎవరైనా పెట్టింది వద్దనకూడదు. వాళ్ళు బాధపడతారు" అంది.

చావు వంటని ఫ్రిజ్‌లో దాచుకోవడం వాళ్ళకి లేదట. సోమవారం పొద్దున నేను ఎంత చెప్పినా వినకుండా ఆ గిన్నె తనే ఎత్తుకుని పెరట్లో తిండి చెత్త వేసే గోధుమరంగు డబ్బా దగ్గరికి నడిచింది. నేను మూత తీసి పట్టుకున్నాను. గట్టిపడిపోయిన గట్కని గరిటెతో గీకి గీకి వేసింది. కూర వంపింది. కోడి ముక్కలు పడుతున్న చప్పుడుకి నేను ముఖం తిప్పుకున్నాను.

"లెక్కల్లో ఇది తిన్నట్టే" అంది. "కొన్న రోజే ఇంటి ఖర్చు కింద రాసేసుకుంటాం. ఆ తర్వాత ఎవరి నోట్లోకి వెళ్ళిందో మేం అడగం."

నేను మూత వేశాను. అక్క ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటి వైపు నాలుగడుగులు నడిచి, మెట్ల మీద కూర్చుండిపోయింది. గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, దాని అంచుకి నుదురు ఆనించి అప్పుడు ఏడ్చింది. శుక్రవారం నుంచి ఒక్క చుక్క రాని మనిషి, పైఅంతస్తులో కిటికీలు తెరుచుకునేలా ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యేసి కూర్చున్నాను. వాళ్ళు నీమీద గౌరవంతోనే అలా వెళ్ళారు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ మాటకి ముందే ఆవిడ తల ఎత్తి నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, నింద లేదు. చిన్నపిల్ల తప్పు చేసి అమ్మకి చెప్పుకున్నట్టు చెప్పింది.

"మా అమ్మ చావుకి వచ్చినవాళ్ళు ఆకలితో వెళ్ళారు" అంది.